తప్పనిసరి దారికే పాలసీ రూట్

అమీర్‌పేటలో నేను నెట్‌వర్క్ పనులు చూసే ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో ఉదయం ఆరున్నరకే వరస మొదలవుతుంది. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవారిలో ఎక్కువ మంది మధుమేహం ఉన్న పెద్దవాళ్లు. బిల్లు చేతికి వస్తే తప్ప వాళ్లు లోపలికి వెళ్లలేరు. ఒక సోమవారం ఉదయం అక్కడి నాలుగు బిల్లింగ్ కౌంటర్లూ ఒక్కసారిగా నిలిచిపోయాయి. కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, ఇంటర్నెట్ వస్తోంది, బీమా సంస్థల పోర్టళ్లు తెరుచుకుంటున్నాయి, కానీ అదే భవనంలో పై అంతస్తులో ఉన్న బిల్లింగ్ సర్వర్ మాత్రం అందడం లేదు. ముందురోజు సాయంత్రం ఫైర్‌వాల్‌లో, అంటే నెట్‌వర్క్‌లో వచ్చిపోయే సమాచారాన్ని తనిఖీ చేసి దారి చూపే పరికరంలో, నేను రాసిన ఒకే ఒక్క పాలసీ రూట్ (ఏ ట్రాఫిక్ ఏ దారిన పోవాలో చెప్పే నియమం) దానికి కారణం. దాన్ని గుర్తించి సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఖాళీ కడుపుతో నిలబడ్డవాళ్ల ముఖాలు చూసిన తరువాత, ఈ పనిని నేను మునుపటిలా తేలికగా తీసుకోలేకపోయాను.

నేను రాసిన నియమం చూడటానికి నిర్దోషంగా ఉంటుంది. బిల్లింగ్ సబ్‌నెట్ (ఆ కౌంటర్ల కంప్యూటర్లున్న నెట్‌వర్క్ భాగం) నుంచి వచ్చే ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న ముక్కలు, గమ్యం ఏదైనా సరే, లీజ్డ్ లైన్ (సంస్థ కోసమే ప్రత్యేకంగా తీసుకున్న ఇంటర్నెట్ లైన్) మీదుగా బయటికి పోవాలి. దీనికి బలమైన కారణమే ఉంది. కొన్ని బీమా సంస్థల పోర్టళ్లు ముందుగా నమోదు చేసిన పబ్లిక్ ఐపీ చిరునామా నుంచి వస్తేనే లోపలికి రానిస్తాయి. ఆ స్థిరమైన చిరునామా లీజ్డ్ లైనుకు ఉంది, పక్కనే ఉన్న బ్రాడ్‌బ్యాండుకు లేదు. కానీ "గమ్యం ఏదైనా సరే" అన్న మాటలో పై అంతస్తులోని సర్వర్ కూడా ఉందని నేను ఆలోచించలేదు. ఆ సర్వర్ వేరే వీల్యాన్‌లో (అదే భవనంలో విడిగా ఉంచిన మరో నెట్‌వర్క్ విభాగంలో) ఉంది కాబట్టి దానికి వెళ్లే ప్రతి ప్యాకెట్టూ ఫైర్‌వాల్ గుండానే పోవాలి. మేము వాడే ఫైర్‌వాల్ రౌటింగ్ టేబుల్ (గమ్యాలవారీగా దారుల పట్టిక) కంటే ముందు పాలసీ రూట్లను చూస్తుంది. అందువల్ల పక్క వీల్యాన్‌కు పోవలసిన ప్యాకెట్లన్నీ లీజ్డ్ లైనులోకి నెట్టుకుపోయాయి. వాటి గమ్యం 10తో మొదలయ్యే ప్రైవేటు చిరునామా. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమ పత్రం ప్రకారం అటువంటి చిరునామాలకు బయటి ఇంటర్నెట్‌లో దారి ఉండదు. ఆదివారం నేను పరీక్షించింది బీమా పోర్టల్‌ను మాత్రమే, అది చక్కగా తెరుచుకుంది.

ఈ సంగతి కొత్తవారికి అర్థం కావాలంటే మన అవుటర్ రింగ్ రోడ్డును గుర్తు చేసుకోవచ్చు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ఒక కారు, ఒక ద్విచక్ర వాహనం ఒకేసారి బయలుదేరాయనుకుందాం. గమ్యం ఒకటే అయినా కారు 158 కిలోమీటర్ల ఆ రహదారి మీదికి ఎక్కుతుంది, ద్విచక్ర వాహనానికి ప్రధాన మార్గంలో ప్రవేశం లేదు కాబట్టి సర్వీస్ రోడ్డు పట్టుకుంటుంది. మామూలు రౌటింగ్ టేబుల్ దారి పక్కన పెట్టిన ఊరి పేర్ల బోర్డు వంటిది; ప్యాకెట్ ఎక్కడికి పోతుందో మాత్రమే చూసి, ఆ గమ్యానికి సరిపోలే దారుల్లో అన్నింటికంటే నిర్దిష్టమైనదాన్ని ఎంచుకుంటుంది. పాలసీ రూట్ ర్యాంపు దగ్గర నిలబడి వచ్చిన వాహనం ఏమిటో చూసే కాపలాదారు వంటిది. ఎవరు పంపారు, ఏ ఇంటర్‌ఫేసు (ఫైర్‌వాల్‌కు లైన్ తగిలించే చోటు) నుంచి వచ్చింది, ఏ ప్రోటోకాల్, ఏ పోర్టు అన్నవి చూసి దారి నిర్ణయిస్తుంది. ఈ పోలికలో మరో ముఖ్యమైన విషయం ఉంది. కాపలాదారు నిర్ణయం ర్యాంపు దగ్గర ఒక్కసారే జరుగుతుంది. ఫైర్‌వాల్‌లో కూడా సాధారణంగా సెషన్‌లోని (రెండు కంప్యూటర్ల మధ్య ఒక విడత సంభాషణలోని) మొదటి ప్యాకెట్ దగ్గరే దారి ఖరారవుతుంది, మిగిలినవి దాని వెంట నడుస్తాయి. ఈ రెండో విషయాన్ని మరచిపోవడం వల్ల వచ్చే చిక్కులను కింద చెప్తాను.

ఏది ముందు చూడాలన్న క్రమం అన్ని ఫైర్‌వాళ్లలో ఒకేలా ఉండదు. ఫోర్టిగేట్‌లో పాలసీ రూట్లు రౌటింగ్ టేబుల్ కంటే ముందు వస్తాయి. కొంత ట్రాఫిక్‌ను వాటి నుంచి తప్పించి మామూలు టేబుల్‌కు అప్పగించడానికి 'స్టాప్ పాలసీ రౌటింగ్' అనే చర్యతో ఒక నియమాన్ని పైన పెట్టుకోవాలి. సోఫోస్‌లో స్టాటిక్ రూట్లు (చేత్తో రాసిపెట్టిన స్థిర దారులు), ఎస్‌డీ-వ్యాన్ (పలు లైన్లను కలిపి నడిపే పద్ధతి) పాలసీ రూట్లు, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే రక్షిత సొరంగం) రూట్లు ఏ వరసలో చూడాలో నిర్వాహకుడే మార్చుకోవచ్చు. పీఎఫ్‌సెన్స్‌లో ఫైర్‌వాల్ నియమానికే గేట్‌వేను (బయటికి పోయే ద్వారాన్ని) తగిలిస్తారు, కాబట్టి స్థానిక నెట్‌వర్కులకు గేట్‌వే లేని నియమం ఒకటి దానికి పైన ఉండాలి. లినక్స్‌లో నియమాలకు అంకెల ప్రాధాన్యం ఉంటుంది. స్థానిక టేబుల్‌కు 0, ప్రధాన టేబుల్‌కు 32766, వీటి మధ్యలో మన నియమాలు చేరతాయి. సిస్కో ఏఎస్‌ఏలో అయితే 2015లో వచ్చిన 9.4 వెర్షన్ వరకు ఈ సౌకర్యమే లేదు. ఒక కంపెనీ ఫైర్‌వాల్ మీద ఏళ్ల తరబడి పనిచేసి మరొకదానికి మారినవారు తమ అలవాటును వెంట తెచ్చుకుంటారు, నేనూ అలాగే తెచ్చుకున్నాను. కాబట్టి ఏ ఫైర్‌వాల్ అయినా నేను ఇప్పుడు మొదట రాసేది మినహాయింపు నియమం: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 అనే మూడు ప్రైవేటు చిరునామాల శ్రేణులకూ పోయేది ఏదైనా మామూలు టేబుల్‌కే వదిలేయాలి. శాఖలకు వెళ్లే వీపీఎన్ సొరంగాలు కూడా చాలావరకు ఈ చిరునామాలతోనే నడుస్తాయి కాబట్టి అవీ దీనితోనే రక్షణ పొందుతాయి.

అయితే ఆ ఉదయం నుంచి నేను నేర్చుకున్నది మినహాయింపు నియమం ఒక్కటే అయితే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. అప్పటి నుంచి ఇతర కార్యాలయాల్లో ఫైర్‌వాళ్లు చూస్తున్నప్పుడు పాలసీ రూట్ల పట్టిక తెరిచి ఒక్కొక్క వరస గురించి అడగడం అలవాటు చేసుకున్నాను: ఈ ట్రాఫిక్ ఈ దారినే పోవడం తప్పనిసరా, లేక పోతే బాగుంటుందని ఎవరో అనుకున్నారా? తప్పనిసరి అయినచోట మాత్రమే పాలసీ రూట్ ఉండాలని, బాగుంటుందనుకున్నచోట అది ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

దీనికి ఎదురుచెప్పే మిత్రులు చాలామంది ఉన్నారు, వారి మాటలో న్యాయం లేకపోలేదు. రెండు లైన్లకు ప్రతి నెలా డబ్బు కడుతున్నప్పుడు ఒకటి ఖాళీగా ఎందుకు పడి ఉండాలి, అకౌంట్స్ వాళ్లను ఒకదాని మీద, మార్కెటింగ్ వాళ్లను మరొకదాని మీద నడిపిస్తే రెండూ వినియోగంలో ఉంటాయి కదా అని వారంటారు. కానీ భారాన్ని పంచడానికి వేరే సాధనాలు ఉన్నాయి. సమాన విలువ గల రెండు డిఫాల్ట్ రూట్లు (వేరే దారి చెప్పనప్పుడు వాడేవి) పెట్టి సెషన్లను వాటి మధ్య పంచవచ్చు, బరువులు ఇచ్చి మూడింట రెండు వంతులు ఒక లైనుకు కేటాయించవచ్చు. ఒక లైన్ పడిపోయినట్టు తెలియగానే ఆ పంపకం తనంతట తాను సర్దుకుంటుంది. విభాగాలవారీగా పాలసీ రూట్లు రాస్తే మాత్రం, ఆ విభాగంలో కొత్త సబ్‌నెట్ వచ్చినప్పుడల్లా, మనుషులు అంతస్తు మారినప్పుడల్లా ఎవరో గుర్తుపెట్టుకుని మార్చాలి. మాదాపూర్‌లో ఒక కార్యాలయంలో ఇటువంటి వరసలు నలభైకి పైగా చూశాను. వాటిలో సగం ఏ సబ్‌నెట్ కోసం రాశారో, ఆ సబ్‌నెట్ ఇప్పుడు లేనే లేదు. అయినా వాటిని తీసే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే ఎందుకు రాశారో ఎవరికీ తెలియదు.

అతిథుల వైఫైని బ్రాడ్‌బ్యాండ్ మీదికి పంపే నియమాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. చూడటానికి అది కూడా భారం పంచడంలాగే ఉంటుంది గానీ, నిజానికి తప్పనిసరి కోవలోకి వస్తుంది. వచ్చిపోయేవారి ఫోన్లలో ఏ చెడ్డ సాఫ్ట్‌వేర్ ఉందో మనకు తెలియదు. వాటిలో ఒకటి స్పామ్ పంపిందంటే బయటి ప్రపంచానికి కనిపించేది మన పబ్లిక్ చిరునామాయే. కార్యాలయపు మెయిల్ సర్వర్ కూడా అదే చిరునామా నుంచి నడుస్తుంటే, దాన్ని ఎవరైనా నిషేధ జాబితాలో చేర్చిన రోజున మన ఉత్తరాలు తిరిగి రావడం మొదలవుతుంది. అక్కడ దారి ఎంపిక వేగం కోసం జరగదు, మన గుర్తింపును కాపాడుకోవడం కోసం జరుగుతుంది. తప్పనిసరి అంటే నా ఉద్దేశం ఇదే: చిరునామా నమోదు, ఒప్పందంలోని షరతు, భద్రత రీత్యా వేరుచేయవలసిన అవసరం.

అప్లికేషన్ పేరును బట్టి దారి మార్చాలన్న కోరిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య యాజమాన్యాలు తరచుగా అడుగుతున్నది ఇదే. వీడియోలు బ్రాడ్‌బ్యాండ్ మీద, పనికి సంబంధించినవి లీజ్డ్ లైన్ మీద పోవాలని అడుగుతారు. ఇందాక చెప్పిన ర్యాంపు ఇక్కడ గుర్తుకు రావాలి. దారి ఖరారయ్యేది మొదటి ప్యాకెట్ దగ్గర. టీసీపీలో (వెబ్‌సైట్లు ఎక్కువగా వాడే రవాణా పద్ధతిలో) ఆ మొదటి ప్యాకెట్ ఖాళీ పలకరింపు మాత్రమే, అందులో అప్లికేషన్ గురించిన సమాచారం ఏదీ ఉండదు. సర్వర్ పేరు కనిపించేది మూడు విడతల పలకరింపు పూర్తయి, టీఎల్‌ఎస్ (సమాచారాన్ని రహస్యంగా పంపే పద్ధతి) మొదటి సందేశం వచ్చినప్పుడే. అప్పటికే సెషన్ ఒక లైన్ మీద, ఆ లైన్ పబ్లిక్ చిరునామాతో న్యాట్ అయిపోయి (లోపలి చిరునామా స్థానంలో అది చేరిపోయి) ఉంటుంది. మధ్యలో లైన్ మారిస్తే మూల చిరునామా మారిపోతుంది, అవతలి సర్వర్ ఆ ప్యాకెట్లు ఎవరివో గుర్తుపట్టదు. అందుకే పాలో ఆల్టో వంటివి ఇంతకుముందు అదే గమ్యంలో గుర్తించిన అప్లికేషన్‌ను జ్ఞాపకం పెట్టుకుని తరువాతి సెషన్‌కు వాడతాయి, మరికొన్ని ఫైర్‌వాళ్లు పెద్ద సేవల ఐపీ చిరునామాల జాబితాలను తెచ్చుకుని మొదటి ప్యాకెట్‌లోనే పోల్చి చూస్తాయి. ఇవి పనికొచ్చే ఉపాయాలే. కానీ ఇందులో కొంత ఊహ కలిసి ఉంది కాబట్టి, నమోదైన చిరునామా నుంచి మాత్రమే పోవలసిన బీమా పోర్టల్ వంటిదాన్ని అప్లికేషన్ పేరు మీద ఆధారపడి నడపకూడదు. గమ్యం చిరునామాలు తెలుసుకుని వాటినే రాయాలి.

ఇక తిరుగుదారి. ఆ కేంద్రంలోనే రోగులు తమ పరీక్షల ఫలితాలు ఇంటి నుంచి దింపుకునే ఒక వెబ్ సర్వర్ ఉంది, అది లీజ్డ్ లైన్ చిరునామా మీద నడుస్తుంది. బయటినుంచి వచ్చిన ప్రశ్న లీజ్డ్ లైన్ మీద లోపలికి వస్తుంది, కానీ డిఫాల్ట్ రూట్ బ్రాడ్‌బ్యాండ్ వైపు ఉన్నప్పుడు జవాబు ఎటు పోవాలి? వచ్చిన ఇంటర్‌ఫేసును గుర్తుపెట్టుకుని అటే జవాబు పంపే ఫైర్‌వాళ్లతో ఇబ్బంది ఉండదు. పీఎఫ్‌సెన్స్‌లో అది సాధారణంగా తనంతట తానే జరుగుతుంది, పాలో ఆల్టోలో దానికి విడిగా ఒక ఎంపికను పెట్టుకోవాలి, లినక్స్ మీద సొంతంగా కట్టుకున్నవారు కనెక్షన్‌కు గుర్తు వేసి ఆ గుర్తును బట్టి టేబుల్ ఎంచుకునేలా రాసుకోవాలి. ఇవేవీ చేయకపోతే లీజ్డ్ లైన్ చిరునామాను మోసుకుంటూ జవాబు బ్రాడ్‌బ్యాండ్‌లోకి పోతుంది. తనది కాని మూల చిరునామాతో వచ్చిన ప్యాకెట్లను సర్వీస్ ప్రొవైడర్ పారవేయాలని 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2827 చెప్తుంది, పాటించే ప్రొవైడర్ దగ్గర మన జవాబు అక్కడితో ఆగిపోతుంది. ఇంకో వైపు నుంచి కూడా ఇదే దెబ్బ తగులుతుంది: లినక్స్‌లో తిరుగుదారి తనిఖీ కఠిన స్థాయిలో ఉంటే, ఒక ఇంటర్‌ఫేసు నుంచి వచ్చిన ప్యాకెట్ మూలానికి ఉత్తమ దారి వేరే ఇంటర్‌ఫేసు వైపు కనిపించినప్పుడు కెర్నల్ (లినక్స్ మూల భాగం) దాన్ని లోపలికే రానివ్వదు. లైన్లు రెండున్న చోట ఆ తనిఖీ విలువను 1 నుంచి 2కు, అంటే సడలింపు స్థాయికి, మార్చవలసి వస్తుంది.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది లైన్ పడిపోయినప్పటి సంగతి. సోమవారం నాటి లోపాన్ని సరిదిద్దిన కొన్ని వారాలకు లీజ్డ్ లైన్ పడిపోయింది. ఫైర్‌వాల్ తన పని తాను సక్రమంగా చేసింది. పాలసీ రూట్‌ను పక్కనపెట్టి, బిల్లింగ్ ట్రాఫిక్‌ను బ్రాడ్‌బ్యాండ్ మీదికి మళ్లించింది. బీమా పోర్టల్‌కు నమోదు కాని చిరునామా నుంచి పదేపదే లాగిన్ ప్రయత్నాలు కనిపించాయి, అది కేంద్రం ఖాతాను లాక్ చేసింది. లైన్ రెండు గంటల్లో తిరిగి వచ్చింది గానీ ఖాతా రాలేదు. బిల్లింగ్ బాధ్యతలు చూసే మేడంను ఆ మధ్యాహ్నం కలిసినప్పుడు ఆమె నాతో అన్న మాటలు ఇవి: "లైన్ పోతే పోర్టల్ ఆగిపోయినా ఫర్వాలేదండీ, కాగితం మీద రాసుకుని సాయంత్రం ఎక్కిస్తాం. ఖాతా లాక్ అయితేనే మాకు కష్టం. తెరిపించుకోవడానికి మూడు రోజులు తిరగాలి. ఈ సంగతి మీరు ముందే అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా సార్."

ఆమె చెప్పింది నిజం. నేను అడగలేదు. లైన్ పడిపోతే ట్రాఫిక్ వేరే దారిన పోవాలా, లేక ఆగిపోవాలా అన్నది నెట్‌వర్క్ ఇంజినీరు తేల్చవలసిన ప్రశ్న కాదు. ఆ పని ఎవరిదో వారు తేల్చాలి. మనం డ్యాష్‌బోర్డు మీద పచ్చ గుర్తు చూడటానికి అలవాటుపడి, ఎలాగైనా నడవడమే మంచిదని అనుకుంటాం. కొన్ని పనులు తప్పు దారిలో నడవడం కంటే ఆగిపోవడం మేలు. ఇప్పుడు ఆ పోర్టళ్ల చిరునామాలకు బ్రాడ్‌బ్యాండ్ వైపు పోయే ట్రాఫిక్‌ను నిరాకరించే ఫైర్‌వాల్ నియమం ఒకటి పెట్టాను. పాలసీ రూట్ పక్కకు తప్పుకున్నా ఆ ప్యాకెట్లు తప్పు దారిన బయటికి పోలేవు. మిగతా బిల్లింగ్ ట్రాఫిక్ మాత్రం బ్రాడ్‌బ్యాండ్‌కు మళ్లుతుంది. ఒకే సబ్‌నెట్‌లోని పనికి రెండు రకాల జవాబులు ఉన్నాయని మేడం చెప్తే తప్ప నాకు తెలియలేదు.

లైన్ పడిపోయిందని ఫైర్‌వాల్‌కు ఎలా తెలుస్తుందన్నది దీనికి ముడిపడిన మరో విషయం. చాలామంది నెక్స్ట్ హాప్‌కు (దారిలో వెంటనే వచ్చే పరికరానికి) పింగ్ (జవాబు కోరే చిన్న ప్యాకెట్) పంపి సరిపెట్టుకుంటారు. మన భవనంలోని పెట్టె జవాబిస్తూనే ఉంటుంది, తెగినది మాత్రం రెండు వీధుల అవతల ఉంటుంది. ప్రొవైడర్ నెట్‌వర్క్ దాటిన తరువాత ఉన్న రెండు వేర్వేరు చిరునామాలను పరీక్షించి, రెండూ జవాబివ్వనప్పుడే లైన్ పోయినట్టు తీర్మానించాలి. ఆ పరీక్షా ప్యాకెట్లు తప్పకుండా ఆ లైన్ మీదుగానే పోయేలా బిగించాలి. లేకపోతే లీజ్డ్ లైన్ పరీక్ష బ్రాడ్‌బ్యాండ్ మీదుగా పోయి అంతా బాగుందని చెప్తుంది. బిగించడానికి స్టాటిక్ రూట్ వాడితే మరొక ఇబ్బంది ఉంది: గూగుల్ వారి 8.8.8.8ను పరీక్షకు పెట్టుకుని, కంప్యూటర్లకు డీఎన్‌ఎస్‌గా (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే సేవగా) కూడా అదే ఇస్తే, ఆ లైన్ పోయినప్పుడు ఆ స్టాటిక్ రూట్ వల్ల డీఎన్‌ఎస్ కూడా దానితోపాటే పోతుంది. పరీక్షకు వాడేదాన్ని ఇంకే పనికీ వాడకూడదు.

లైన్ తిరిగి వచ్చిన తరువాత కూడా అన్నీ వాటంతట అవి వెనక్కి రావు. ఐపీ ఫోన్లు కొద్ది క్షణాలకొకసారి చిన్న యూడీపీ ప్యాకెట్ పంపుతూ తమ సెషన్‌ను సజీవంగా ఉంచుకుంటాయి. బ్రాడ్‌బ్యాండ్ మీదికి మళ్లిన ఆ సెషన్ గడువు తీరదు, పాలసీ రూట్‌ను మళ్లీ చూడదు, రోజుల తరబడి బ్రాడ్‌బ్యాండ్ మీదే ఉండిపోతుంది. మార్పు చేసినప్పుడు కూడా ఇంతే. నియమం మార్చి, తెరిచి ఉన్న బ్రౌజర్‌లోనే పరీక్షిస్తే పాత సెషన్ ఫలితమే కనిపిస్తుంది. సంబంధిత సెషన్లను తొలగించి, ఫైర్‌వాల్ నుంచి కాకుండా ఆ సబ్‌నెట్‌లోని ఒక కంప్యూటర్ నుంచి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ పోయే దారిని చూపే పరీక్ష) చేయాలి, ఎందుకంటే ఫైర్‌వాల్ స్వయంగా పుట్టించే ప్యాకెట్లకు ఈ పాలసీ రూట్లు చాలా ఫైర్‌వాళ్లలో వర్తించవు.

హైదరాబాద్‌లో పనిచేసేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పాలసీ రూట్లు ఎంత జాగ్రత్తగా రాసినా, రెండు లైన్లూ ఒకే విద్యుత్ స్తంభం మీదుగా భవనంలోకి వస్తుంటే ఆ శ్రమకు అర్థం లేదు. మన గల్లీల్లో కేబుళ్లు స్తంభం నుంచి స్తంభానికి గుత్తులుగా వేలాడుతుంటాయి. గణేశ్ విగ్రహాలు ఊరేగే రోజుల్లో, రోడ్డు తవ్వే రోజుల్లో ఆ గుత్తిలో ఏది ఎవరిదో ఎవరూ చూడరు. ఇద్దరు ప్రొవైడర్ల పేర్లు బిల్లు మీద వేరువేరుగా ఉన్నంత మాత్రాన దారులు వేరు కావు. నేను ఇప్పుడు ఏ కార్యాలయానికి వెళ్లినా ముందు మేడ ఎక్కి, కేబుల్ ఎటు నుంచి వస్తోందో కళ్లతో చూస్తాను. ఒకటి భూమిలో నుంచి, మరొకటి పైనుంచి, వీలైతే భవనానికి రెండు వేర్వేరు వైపుల నుంచి రావాలని అడుగుతాను.

ఏ సెషన్ ఏ లైన్ మీద పోయిందో లాగ్‌లో (ఫైర్‌వాల్ నమోదు చేసే చిట్టాలో) ఉండటం కూడా అంతే ముఖ్యం. దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఇద్దరు ప్రొవైడర్లు, దారి మార్చే నియమాలు ఉన్న చోట, బయటికి పోయిన ఇంటర్‌ఫేసు, న్యాట్ తరువాతి చిరునామా, పోర్టు నమోదు కాకపోతే ఫలానా సమయంలో ఫలానా చిరునామా వెనుక ఉన్నది ఎవరని అడిగినప్పుడు మనకు జవాబు ఉండదు.

అమీర్‌పేట కేంద్రం ఫైర్‌వాల్‌లో ఇప్పుడు పాలసీ రూట్లు నాలుగే ఉన్నాయి. మొదటిది ప్రైవేటు చిరునామాల మినహాయింపు, రెండోది బీమా పోర్టళ్లది, మూడోది అతిథుల వైఫైది, నాలుగోది ఫోన్లది. బీమా పోర్టళ్ల వరసకు పక్కన వ్యాఖ్య రాసే చోట ఇలా ఉంటుంది: "పోర్టళ్లు స్థిర చిరునామానే ఒప్పుకుంటాయి. లీజ్డ్ లైన్ పోతే ఆపాలి, మళ్లించకూడదు. నిర్ణయం బిల్లింగ్ విభాగానిది. కొత్త బీమా సంస్థ చేరితే గమ్యం జాబితా మార్చాలి." మూడు నెలలకొకసారి, ఆదివారం మధ్యాహ్నం కౌంటర్లు మూసిన తరువాత, లీజ్డ్ లైన్ కేబుల్‌ను చేత్తో తీసి చూస్తాం. మేడం కౌంటర్ దగ్గర కూర్చుని పోర్టల్ తెరుచుకోవడం లేదని, పై అంతస్తులోని సర్వర్ నుంచి బిల్లు వస్తోందని ఫోన్‌లో చెప్తారు. అప్పుడు కేబుల్ తిరిగి పెట్టి, ఫోన్ల సెషన్లు తొలగించి, ఆమెతో మరొక బిల్లు తీయించిన తరువాతే అక్కడి నుంచి కదులుతాను.